యువ నక్షత్రాల అన్వేషణ: ఎక్స్‌ కిరణాల సూచన, వర్ణపటం సాక్ష్యం

పాఠకుల ప్రశ్నలు - ఖగోళశాస్త్రం

సూర్యుడి చుట్టుపక్కల ఉన్న యువ నక్షత్రాలను ఎక్స్‌ కిరణాల సర్వేల ఆధారంగా ఎలా గుర్తిస్తున్నారో వివరిస్తూ గత సంచికలో ఒక వ్యాసం ప్రచురించాం. వయసు కొన్ని కోట్ల సంవత్సరాలకు మించని నక్షత్రాలు ఎక్స్‌ కిరణాల్లో విపరీతంగా ప్రకాశిస్తాయని, అలా కనిపించిన వాటిని భూమి మీది టెలిస్కోపులతో మళ్లీ పరిశీలించి వయసు నిర్ధారిస్తారని ఆ వ్యాసం సారాంశం. దానిపై వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: నక్షత్రాలు వాయువు, ధూళి నిండిన మేఘాల్లో పుడతాయని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. అలాంటప్పుడు ఆ మేఘాలను ఫొటోలు తీసి చూస్తే సరిపోదా? ఆకాశమంతా ఎక్స్‌ కిరణాల్లో గాలించవలసిన అవసరం ఏమిటి?
- డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

మేఘాల్లోనే వెతికితే మేఘాల్లో ఉన్నవి మాత్రమే దొరుకుతాయి. చాలాకాలం జరిగింది అదే. వృషభరాశిలోని టీ టౌరీ నక్షత్రాన్ని జాన్ రసెల్ హైండ్ 1852లో గుర్తించారు. అలాంటి నక్షత్రాలన్నింటినీ ఒక ప్రత్యేక తరగతిగా 1945లో ఆల్ఫ్రెడ్ జాయ్ వర్ణించారు. అవి ఇప్పుడిప్పుడే పుట్టిన నక్షత్రాలని విక్టర్ ఆంబర్ట్‌సూమియన్ ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే వాదించారు. ఈ నక్షత్రాల ముఖ్య లక్షణం, వర్ణపటంలో 656.3 నానోమీటర్ల దగ్గర హైడ్రోజన్ గీత ప్రకాశవంతంగా కనిపించడం. నక్షత్రం చుట్టూ తిరుగుతున్న పళ్లెం లాంటి వలయం నుంచి వాయువు నక్షత్రం మీద పడుతూ ఉంటుంది. ఆ గీత ప్రధానంగా దాని నుంచే వస్తుంది. కాబట్టి చీకటి మేఘాల దగ్గర ఆ ఎరుపు గీత మెరిసే నక్షత్రాలను ఏరుకుంటూ పోతే యువ నక్షత్రాల జాబితా తయారవుతుందని అప్పట్లో భావించారు.

ఇబ్బంది ఏమిటంటే ఆ వలయం ఎక్కువ కాలం ఉండదు. సుమారు 30 లక్షల సంవత్సరాలు గడిచేసరికి సగం నక్షత్రాలు తమ వలయాలను కోల్పోతాయి, కోటి సంవత్సరాలకు దాదాపు అన్నీ కోల్పోతాయి. వలయంతోపాటే హైడ్రోజన్ గీత కూడా మందగిస్తుంది. ఈలోగా పుట్టిన మేఘం కూడా చెదిరిపోతుంది. సెకనుకు ఒక కిలోమీటరు వేగంతో కదిలే నక్షత్రం కోటి సంవత్సరాల్లో 33 కాంతి సంవత్సరాల దూరం వెళ్లిపోతుంది. అంటే ఆ వయసు నక్షత్రం పుట్టిన చోటికి దూరంగా, ఏ మేఘమూ లేని ఆకాశంలో, వందల కోట్ల సంవత్సరాల వయసున్న నక్షత్రాల మధ్య వాటిలో ఒకటిగా కలిసిపోయి ఉంటుంది. మామూలు ఫొటోలో దానిని ఎవరూ ప్రత్యేకంగా పట్టించుకోరు.

వలయం పోయినా ఆగిపోనిది ఎక్స్‌ కిరణాల ఉద్గారం. 1978 నవంబరులో ప్రయోగించిన ఐన్‌స్టీన్ అబ్జర్వేటరీ ఉపగ్రహం వృషభరాశి మేఘాల వైపు చూసినప్పుడు, హైడ్రోజన్ గీత బలంగా లేకపోయినా ఎక్స్‌ కిరణాల్లో బాగా ప్రకాశిస్తున్న యువ నక్షత్రాలు బయటపడ్డాయి. అంతవరకు మనం లెక్కపెట్టింది వలయాలున్న పిల్లలను మాత్రమేనని అప్పుడు తెలిసింది.

దీనికి మంచి ఉదాహరణ టీడబ్ల్యూ హైడ్రే. హైడ్రా నక్షత్రమండలంలో ఉన్న ఈ నక్షత్రానికి టీ టౌరీ లక్షణాలన్నీ ఉన్నాయని, అయితే దగ్గరలో మేఘం ఏదీ లేదని 1983లో రుచిన్‌స్కీ, క్రౌటర్ ప్రకటించారు. మేఘం లేకుండా శిశు నక్షత్రం ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఆనాటి చిక్కుప్రశ్న. తరువాత ఆ చుట్టుపక్కలే అలాంటివి మరికొన్ని కనిపించాయి. 1997లో జోయెల్ కాస్ట్‌నర్ బృందం రోసాట్ ఉపగ్రహం కొలతలను పరిశీలించి, అక్కడి 5 నక్షత్ర వ్యవస్థలూ ఎక్స్‌ కిరణాల్లో ఒకే విధంగా ప్రకాశిస్తున్నాయని చూపించింది. సుమారు కోటి సంవత్సరాల క్రితం కలిసి పుట్టిన కుటుంబం అది. మనకు 200 కాంతి సంవత్సరాల లోపే ఉన్నా, చుట్టూ మేఘం లేనందువల్ల అంతకాలం ఎవరి కంటా పడలేదు. టీడబ్ల్యూ హైడ్రే మాత్రం ఆ వయసులోనూ తన వలయాన్ని నిలుపుకున్న అరుదైన నక్షత్రం. అందుకే అది దొరికింది. దాని తోబుట్టువుల్లో చాలావాటిని పట్టించింది ఎక్స్‌ కిరణాలే.

ప్రశ్న: సూర్యుడి ఉపరితల ఉష్ణోగ్రత 5,800 కెల్విన్‌లకు దగ్గరగా ఉంటుంది. యువ నక్షత్రాల్లో చాలావరకు అంతకన్నా చల్లనివని మీ వ్యాసంలోనే రాశారు. ఎక్స్‌ కిరణాలు రావాలంటే లక్షల డిగ్రీల వేడి కావాలి కదా?
- భౌతికశాస్త్ర అధ్యాపకుడు, ఖమ్మం

మీరు చెప్పింది నిజమే. ఆ కిరణాలు ఉపరితలం నుంచి కాదు, దానిపైన ఉండే కరోనా నుంచి వస్తాయి. సంపూర్ణ సూర్యగ్రహణం రోజున చంద్రబింబం చుట్టూ తెల్లగా కనిపించేది ఆ కరోనాయే. సూర్యుడి కరోనా ఉష్ణోగ్రత 10 నుంచి 20 లక్షల డిగ్రీలు ఉంటుంది. యువ నక్షత్రాల్లో అది కోటి డిగ్రీలు దాటుతుంది, పెద్ద జ్వాలలు ఎగసినప్పుడు ఇంకా చాలా పైకి పోతుంది.

కరోనాను వేడెక్కించేది అయస్కాంత క్షేత్రం. నక్షత్రం బయటి పొరల్లో వాయువు, ఎసట్లో నీళ్లు మరిగినట్టు, కింది నుంచి పైకి, పైనుంచి కిందికి తిరుగుతూ ఉంటుంది. ఈ సంవహనానికి నక్షత్ర భ్రమణం తోడైనప్పుడు అయస్కాంత క్షేత్రం పుడుతుంది. భ్రమణం ఎంత వేగంగా ఉంటే క్షేత్రం అంత బలంగా ఉంటుంది. సూర్యుడు మధ్యరేఖ దగ్గర ఒకసారి తిరగడానికి సుమారు 25 రోజులు తీసుకుంటాడు. యువ నక్షత్రాలకు కొన్ని రోజులు చాలు, కొన్నింటికి ఒక్క రోజు కూడా పట్టదు. ఫలితంగా బాగా చురుకైన యువ నక్షత్రం తన మొత్తం శక్తిలో వెయ్యో వంతు దాకా ఎక్స్‌ కిరణాల రూపంలో వెదజల్లుతుంది. సూర్యుడి విషయంలో ఆ వాటా పది లక్షలో వంతు స్థాయిలోనే ఉంటుంది. కాలం గడిచేకొద్దీ నక్షత్ర పవనం భ్రమణ వేగాన్ని హరిస్తుంది, ఎక్స్‌ కిరణాలూ తగ్గుతాయి. భ్రమణానికి, వయసుకు ఉన్న ఈ సంబంధాన్ని 1972లో ఆండ్రూ స్కుమానిచ్ గణిత సూత్రంగా చూపించారు.

ఈ చురుకుదనం ఎంతటిదో ఓరియన్ నెబ్యులాలో చూడవచ్చు. 2003 జనవరిలో అంతరిక్షంలోని చంద్ర ఎక్స్‌రే అబ్జర్వేటరీ ఆ ఒక్క ప్రదేశాన్నే దాదాపు రెండు వారాలపాటు గమనించి 1,616 ఎక్స్‌రే మూలాలను నమోదు చేసింది. వాటిలో అత్యధికం ఆ నెబ్యులాలోనే పుట్టిన యువ నక్షత్రాలు.

ఒక పరిమితి కూడా చెప్పాలి. సూర్యుడి కన్నా బాగా బరువైన, వేడి నక్షత్రాలకు ఇలాంటి సంవహన పొర బయటివైపు ఉండదు. కాబట్టి, వర్ణపటాన్ని బట్టి ‘ఎ’ (A) తరగతిగా పిలిచే ఇలాంటి వేడి యువ నక్షత్రాలు ఈ వలకు దాదాపు చిక్కవు. బీటా పిక్టోరిస్ అలాంటిదే. దాని చుట్టూ ధూళి ఉన్నట్టు 1983లో పరారుణ కిరణాల ద్వారా తెలిసింది. ఆ నక్షత్రంతో కలిసి కదిలే చిన్న నక్షత్రాలను గుర్తించడంలో మాత్రం ఎక్స్‌ కిరణాలే ముందున్నాయి.

ప్రశ్న: ఉపగ్రహం ఆకాశం మొత్తాన్ని ఎలా చూడగలిగింది? ఎక్స్‌ కిరణాలు వచ్చిన చోట ఏ నక్షత్రం వాటిని పంపిందో ఎలా తేల్చుకుంటారు?
- విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కర్నూలు

ఎక్స్‌ కిరణాలను వాతావరణం పీల్చేసుకుంటుంది గనుక ఈ పని అంతరిక్షం నుంచే సాధ్యం. రోసాట్ జర్మనీ, అమెరికా, బ్రిటన్‌ల ఉమ్మడి ఉపగ్రహం. 1990 జూన్ 1న దానిని ప్రయోగించారు. సుమారు 96 నిమిషాలకు ఒకసారి భూమిని చుట్టి వస్తూ, ప్రతి చుట్టులోనూ ఆకాశంలో 2 డిగ్రీల వెడల్పున్న ఒక పట్టీని చూసేది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఉండడంవల్ల ఆ పట్టీ రోజుకు ఒక డిగ్రీ చొప్పున జరుగుతూ పోతుంది, అందువల్ల 6 నెలల్లో ఆకాశం మొత్తం పూర్తవుతుంది. ఈ సర్వేలో దొరికిన ప్రకాశవంతమైన మూలాల జాబితా 1999లో వెలువడింది. అందులో 18,806 మూలాలు ఉన్నాయి.

ఏ నక్షత్రమో తేల్చుకోవడంలోనే అసలు శ్రమ ఉంది. రోసాట్ సర్వే ఇచ్చే స్థానంలో 10 నుంచి 20 ఆర్క్‌ సెకన్ల వరకు అనిశ్చితి ఉంటుంది (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). అంత చిన్న వృత్తాన్ని మంచి ఫొటో మీద గీసి చూస్తే, పాలపుంతకు దూరంగా ఉన్న చోట ఒక్కటే నక్షత్రం కనిపించవచ్చు, పాలపుంత పట్టీలో అయితే అరడజను కనిపించవచ్చు. వాటిలో అన్నిటికన్నా ప్రకాశవంతమైనదే దోషి అనుకోవడం సులభం, కానీ ప్రతిసారీ నిజం కాదు. ఆ వృత్తంలోనే మసకగా కనిపించే చుక్క ఎక్కడో కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గెలాక్సీ కేంద్రం కావచ్చు. అలాంటివి కూడా ఎక్స్‌ కిరణాల్లో తీవ్రంగా ప్రకాశిస్తాయి.

నక్షత్రమే అని తేలినా, అది యువ నక్షత్రమని తేలినట్టు కాదు. ఒకదానికొకటి అతి దగ్గరగా తిరిగే జంట నక్షత్రాలను ఆకర్షణ శక్తి గుంజుతూ ఉండడంవల్ల, ఎంత వయసు వచ్చినా వాటి భ్రమణ వేగం తగ్గదు. ఆ వేగం వల్లే ముసలి జంటలు కూడా ఎక్స్‌ కిరణాల్లో యువకుల్లా కనిపిస్తాయి. అప్పుడప్పుడు జ్వాలలు ఎగజిమ్మే ఎర్ర మరుగుజ్జు నక్షత్రాలు కూడా ఇలాగే తప్పుదోవ పట్టిస్తాయి. అందుకే ఎక్స్‌ కిరణాల జాబితాను అనుమానితుల జాబితాగా మాత్రమే చూడాలి.

ఈ అనుమానితులను ఒక్కొక్కరినీ పిలిచి విచారించిన సర్వేల్లో రెండింటిని చెప్పుకోవాలి. దక్షిణ ఆకాశంలో బ్రెజిల్ శాస్త్రవేత్తల నాయకత్వాన సాగిన సేసీ సర్వేలో, రోసాట్ మూలాలతో సరిపోలిన 1,500కు పైగా నక్షత్రాల వర్ణపటాలను తీసి, 2006లో ఫలితాలు ప్రకటించారు. రోసాట్ జాబితాను టైకో నక్షత్ర జాబితాతో కలిపి సుమారు 14,000 చురుకైన నక్షత్రాలను వడపోసిన రాస్‌టైక్ సర్వే మరొకటి. అందులోని ఉత్తరాకాశపు నక్షత్రాల వర్ణపటాలను ఫ్రాన్స్, ఇటలీల్లోని టెలిస్కోపులతో తీశారు. చురుకైనవి వేలల్లో ఉన్నా, నిజంగా అతి పిన్న వయసువి కొద్దిగానే తేలాయి. ఎక్స్‌ కిరణాలను మాత్రమే నమ్మి లెక్క వేస్తే ఎంత పొరబడతామో ఆ వడపోత చెబుతుంది.

ప్రశ్న: వర్ణపటంలో లిథియం గీత కనిపిస్తే అది యువ నక్షత్రమని రాశారు. లిథియానికి, వయసుకు సంబంధం ఏమిటి? ఈ పరీక్ష ఎప్పుడూ తప్పదా?
- రసాయనశాస్త్ర పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

లిథియం చాలా సున్నితమైన మూలకం. హైడ్రోజన్ మండడానికి కోటి డిగ్రీల స్థాయి వేడి కావాలి, లిథియం నాశనం కావడానికి సుమారు 25 లక్షల డిగ్రీలు చాలు. ఆ వేడిలో లిథియం కేంద్రకం ఒక ప్రోటాన్‌ను కలుపుకుని రెండు హీలియం కేంద్రకాలుగా విడిపోతుంది. నక్షత్రం పుట్టినప్పుడు మేఘం నుంచి వచ్చిన లిథియం ఉపరితలంలో ఉంటుంది. సంవహనం ఆ వాయువును లోపలి వేడి పొరల దాకా తీసుకుపోతూ, మళ్లీ పైకి తెస్తూ ఉంటుంది. వెళ్లిన ప్రతిసారీ కొంత లిథియం కరిగిపోతుంది. సూర్యుడి ఉపరితలంలో ఇప్పుడు మిగిలింది, ఉల్కాశిలల్లో కనిపించే తొలినాటి మోతాదులో నూరో వంతు కన్నా తక్కువ. కాబట్టి 670.8 నానోమీటర్ల దగ్గర లిథియం గీత లోతుగా ఉంటే, కరగడానికి ఇంకా సమయం చాలలేదని అర్థం.

అయితే మీ రెండో ప్రశ్నకు సమాధానం మొదటిదాని కన్నా ముఖ్యమైనది. లిథియం కరిగే వేగం అన్ని నక్షత్రాలకు ఒకటి కాదు. సంవహన పొర ఎంత లోతుగా ఉంటే అంత వేగంగా కరుగుతుంది. ఎం తరగతి ఎర్ర నక్షత్రాల్లో చాలావాటిలో కొన్ని కోట్ల సంవత్సరాల్లోనే అంతా అయిపోతుంది. వాటికన్నా కాస్త వేడిగా ఉండే కె తరగతిలో ఇంకొంత ఎక్కువ కాలం పడుతుంది. సూర్యుడి లాంటి జి తరగతి నక్షత్రాల్లో 10 కోట్ల సంవత్సరాల తరువాత కూడా లిథియం పుష్కలంగా ఉంటుంది. కృత్తికల గుంపు వయసు 10 కోట్ల సంవత్సరాలకు పైమాటే, అయినా అందులోని జి తరగతి నక్షత్రాల్లో లిథియం గీత స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల 1990ల్లో పెద్ద వివాదమే నడిచింది. రోసాట్ సర్వే తరువాత జర్మన్ శాస్త్రవేత్తలు వృషభరాశి మేఘాలకు చాలా దూరం వరకు, మేఘమే లేని ప్రాంతాల్లో కూడా, లిథియం ఉన్న ఎక్స్‌ కిరణ నక్షత్రాలను పదుల సంఖ్యలో గుర్తించి, అవన్నీ టీ టౌరీ తరగతివేనని ప్రకటించారు. అదే నిజమైతే కొన్ని పదుల లక్షల సంవత్సరాల వయసులో అవి అంత దూరం ఎలా వెళ్లాయి? పుట్టిన మేఘం నుంచి విసిరివేసినట్టు వచ్చాయా? లేక చిన్న చిన్న మేఘాల్లో అక్కడికక్కడే పుట్టి, ఆ మేఘాలు చెదిరిపోయాయా? ఈ ప్రశ్నలకు ఎన్నో సిద్ధాంతాలు పుట్టుకొచ్చాయి. 1997లో సీజర్ బ్రిసేన్యో, ఆయన సహచరులు అసలు ఆధారాన్నే ప్రశ్నించారు. వాటిలో చాలా నక్షత్రాలు జి తరగతికి, కె తరగతి తొలి భాగానికి చెందినవని, అలాంటివి కృత్తికల వయసులో కూడా లిథియాన్ని నిలుపుకుంటాయని, కాబట్టి వాటిలో అధికభాగం 10 కోట్ల సంవత్సరాల దాకా వయసున్న మామూలు నక్షత్రాలేనని వాదించారు.

వర్ణపటం నాణ్యత కూడా ఈ గొడవలో పాత్ర పోషించింది. లిథియం గీతకు ఆనుకుని 670.74 నానోమీటర్ల దగ్గర ఇనుము గీత ఒకటి ఉంటుంది. వర్ణపటాన్ని సూక్ష్మంగా విడదీయని పరికరంలో ఆ రెండూ కలిసిపోయి ఒకే గీతగా కనిపిస్తాయి, ఇనుము వాటా కూడా లిథియం ఖాతాలో పడిపోతుంది. గీత కాస్త లోతుగా తేలగానే నక్షత్రం వయసు తగ్గిపోతుంది. ఎక్కువ వియోజన శక్తి ఉన్న పరికరంతో మళ్లీ చూస్తేగాని ఈ తప్పు బయటపడదు.

నా అభిప్రాయంలో ఆ వివాదం ఈ రంగానికి మేలే చేసింది. అప్పటి నుంచి లిథియం ఉందా లేదా అని అడగడం మాని, అదే ఉష్ణోగ్రత గల కృత్తికల నక్షత్రంలో ఉన్నదానికన్నా ఎక్కువ ఉందా అని అడగడం అలవాటైంది. కృత్తికల గరిష్ఠ పరిమితిని దాటితేనే యువ నక్షత్రంగా అంగీకరిస్తారు. వృషభరాశి చుట్టూ చెదిరి ఉన్న నక్షత్రాల విషయంలో ఇరు పక్షాల మాటలోనూ కొంత నిజం ఉందని తరువాతి పరిశీలనలు సూచించాయి. వాటిలో నిజమైన యువ నక్షత్రాలు ఉన్నాయి, వయసు మళ్లినవి కూడా కలిసి ఉన్నాయి. ఆ మేఘాల్లో అంతకుముందు పుట్టిన పాత తరం నక్షత్రాలు ఏవైనా అక్కడ మిగిలి ఉన్నాయా అన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది.

ప్రశ్న: ఇదంతా జర్మనీ, అమెరికా, బ్రెజిల్ కథలా ఉంది. ఈ అన్వేషణలో మన ప్రాంతం పాత్ర ఏమైనా ఉందా?
- గృహిణి, సికింద్రాబాద్

తప్పకుండా ఉంది. రావలసినంత గుర్తింపు దానికి రాలేదన్న బాధ కూడా ఉంది.

యువ నక్షత్రాలను నిర్ధారించడానికి లిథియం తరువాత అతి ముఖ్యమైన సాక్ష్యం వాటి కదలిక. కలిసి పుట్టిన నక్షత్రాలు కలిసే కదులుతాయి. ఒక నక్షత్రం ఆకాశంలో ఎటు, ఎంత వేగంగా జరుగుతోందో తెలియాలంటే దాని ఇప్పటి స్థానంతోపాటు చాలా ఏళ్ల నాటి స్థానం కూడా కచ్చితంగా తెలియాలి. ఆ పాత స్థానాలు ఎక్కడి నుంచి వస్తాయి?

1887లో పారిస్‌లో జరిగిన సమావేశంలో, ఆకాశం మొత్తాన్ని ఫొటో పలకల మీద నమోదు చేసే పనిని వివిధ దేశాల అబ్జర్వేటరీలు పంచుకున్నాయి. ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీని మొదట చిలీలోని సాంటియాగోకు కేటాయించారు. అక్కడ పని సాగకపోవడంతో ఆ బాధ్యత హైదరాబాద్‌లోని నిజామియా అబ్జర్వేటరీకి వచ్చింది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన ఆ అబ్జర్వేటరీ తరువాత నిజాం ప్రభుత్వం చేతికి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ప్రధానంగా 1910, 1920 దశకాల్లో బేగంపేటలో ఈ పని నడిచింది. టి.పి. భాస్కరన్ హయాంలో దక్షిణ పట్టీ పూర్తికావడమే కాక, ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ కూడా తలకెత్తుకున్నారు.

ఆ పని ఎలాంటిదో ఒకసారి ఊహించండి. ప్రతి గాజు పలక మీద నక్షత్రాలతోపాటు 5 మిల్లీమీటర్ల ఎడంతో సన్నని గళ్లు కూడా ముద్రించి ఉంటాయి. ఆ గళ్లను ఆధారంగా చేసుకుని, సూక్ష్మదర్శినిలో కన్ను ఆనించి, ఒక్కొక్క చుక్క అడ్డు, నిలువు కొలతలను తీసి పుస్తకంలో రాయాలి. పలక మీద ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక ఆర్క్‌ నిమిషానికి, అంటే డిగ్రీలో అరవయ్యో వంతుకు సమానం. ఇలాంటి కొలతలు లక్షల్లో తీశారు.

ఇప్పుడు యువ నక్షత్రాల దగ్గరకు వద్దాం. హైదరాబాద్‌కు వచ్చిన ఆ దక్షిణ పట్టీ వృశ్చికరాశి తలభాగం మీదుగా పోతుంది. మన అనూరాధ నక్షత్రంలోని బీటా, డెల్టా వృశ్చిక తారలు రెండూ అందులోనే ఉన్నాయి. సుమారు 470 కాంతి సంవత్సరాల దూరంలో, 50 లక్షల నుంచి కోటి సంవత్సరాల వయసుతో ఉన్న ఊర్ధ్వ వృశ్చిక సముదాయానికి ఆ తారలు పెద్దన్నలు. వాటి చుట్టూ పరుచుకుని ఉన్న చిన్న నక్షత్రాలను 1990ల్లో ముందుగా బయటపెట్టింది ఎక్స్‌ కిరణాల సర్వేలే. అయితే అవి ఆ కుటుంబానివేనని చెప్పడానికి కదలిక కావాలి. ఆ కదలిక సంవత్సరానికి సుమారు ఒక ఆర్క్‌ సెకనులో నలభయ్యో వంతు. 75 సంవత్సరాలు గడిచినా 2 ఆర్క్‌ సెకన్లకు మించదు. హైదరాబాద్ పలక మీద అది మిల్లీమీటరులో ముప్ఫయ్యో వంతు.

హిప్పార్కస్ ఉపగ్రహం 1990 ప్రాంతంలో కొలిచిన స్థానాలను ఈ పాత పలకల నాటి స్థానాలతో పోల్చి, 2000 సంవత్సరంలో టైకో-2 జాబితాను తయారు చేశారు. అందులో 25 లక్షల నక్షత్రాల కదలికలు ఉన్నాయి. గయా ఉపగ్రహం రాకముందు ఊర్ధ్వ వృశ్చికంలో కాస్త ప్రకాశవంతమైన యువ నక్షత్రాల సభ్యత్వాన్ని పరిశీలించడానికి ఆ జాబితాను విరివిగా వాడారు. బేగంపేటలో రాత్రుళ్లు మేలుకుని పలకలు తీసినవారికి, పగళ్లు కొలతలు రాసినవారికి ఎక్స్‌ కిరణాల ఖగోళశాస్త్రం అన్న మాటే తెలియదు. వారి అంకెలు లేకుండా ఆ పట్టీలోని నక్షత్రాల కదలిక అంత కచ్చితంగా తెలిసేది కాదు.

ఇటీవలి కాలానికి వస్తే, ఎక్స్‌ కిరణాల టెలిస్కోపులున్న భారతీయ ఉపగ్రహం ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచే బయలుదేరింది. అది ఆకాశమంతా గాలించే రకం కాదు, ఎంచుకున్న నక్షత్రాన్ని చాలాసేపు గమనించే రకం. ఒకే నక్షత్రాన్ని అతినీలలోహిత కిరణాల్లోనూ, ఎక్స్‌ కిరణాల్లోనూ ఏకకాలంలో చూడగలగడం దాని ప్రత్యేకత. ఒక్కసారిగా ఎగసే జ్వాలలను అర్థం చేసుకోవడానికి అది ఎంతో ఉపయోగకరం. వర్ణపటాల కోసం లద్దాఖ్‌లోని హాన్లే దగ్గర 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు, ఉత్తరాఖండ్‌లోని దేవస్థల్ దగ్గర 3.6 మీటర్ల టెలిస్కోపు మన దేశంలో ఉన్నాయి.

ప్రశ్న: గయా ఉపగ్రహం వంద కోట్లకు పైగా నక్షత్రాల దూరాలను, కదలికలను కొలిచింది కదా. ఇక ఎక్స్‌ కిరణాల అవసరం తీరిపోయినట్టేనా? అసలు ఇంత శ్రమకు ఫలం ఏమిటి?
- సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

తీరలేదనే చెప్పాలి, కానీ వాటి పాత్ర మారింది. గయా వచ్చాక దూరం తెలిసింది, దూరంతోపాటు నక్షత్రం అసలు ప్రకాశం తెలిసింది. ఇంకా కుంచించుకుంటున్న యువ నక్షత్రం అదే రంగు గల పెద్దవయసు నక్షత్రం కన్నా పెద్దదిగా, ప్రకాశవంతంగా ఉంటుంది గనుక, ఆ తేడా ద్వారా కూడా వయసు అంచనా వేయవచ్చు. కానీ రెండు సమాన నక్షత్రాలు విడిగా కనిపించనంత దగ్గరగా ఉంటే, ఆ జంట కూడా రెట్టింపు ప్రకాశంతో యువ నక్షత్రంలాగే కనిపిస్తుంది. కదలిక విషయానికి వస్తే, పాలపుంతలో ఏ దిశలో చూసినా, ఒక యువ కుటుంబంతో యాదృచ్ఛికంగా ఒకే వేగంతో పోయే ముసలి నక్షత్రాలు కొన్ని ఉంటాయి. సభ్యులు దట్టంగా ఉన్న చోట ఇది పెద్ద సమస్య కాదు. టీడబ్ల్యూ హైడ్రే, బీటా పిక్టోరిస్ కుటుంబాల్లాగా సభ్యులు ఆకాశంలో చాలా భాగం అంతటా చెదిరి ఉన్నచోట మాత్రం, యవ్వనానికి స్వతంత్ర సాక్ష్యం లేకుండా జాబితాలు వేస్తే అవి నిలబడవు.

అందుకే 2019 జులై 13న ప్రయోగించిన ఈరోసిటా టెలిస్కోపు మీద ఈ రంగంలో ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. రోసాట్ కన్నా ఎంతో సున్నితమైన ఆ టెలిస్కోపు ఆకాశాన్ని 8 సార్లు గాలించవలసి ఉండగా, 4 సార్లు పూర్తయ్యాక, ఉక్రెయిన్ యుద్ధం నేపథ్యంలో 2022 ఫిబ్రవరిలో దానిని నిలిపివేశారు. అది రష్యా ఉపగ్రహం మీద అమర్చిన జర్మన్ పరికరం. 2024 జనవరిలో జర్మన్ బృందం తన వాటాకు వచ్చిన సగం ఆకాశానికి తొలి సర్వే జాబితాను విడుదల చేసింది. సుమారు 9 లక్షల మూలాలున్న ఆ జాబితాను గయా కొలతలతో జతచేసి, లక్షకు పైగా మూలాలు నక్షత్రాల కరోనాలేనని గుర్తించారు. వాటిలో యువ నక్షత్రాలేవో వర్ణపటాలు తీసి తేల్చే పని ఇంకా చాలా మిగిలి ఉంది.

ఈ శ్రమకు ఫలం ఏమిటని కూడా మీరు అడిగారు. కొత్తగా పుట్టిన గ్రహాలు ఇంకా వేడిగా ఉంటాయి గనుక పరారుణ కిరణాల్లో నేరుగా ఫొటోకు దొరుకుతాయి. 2004లో చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపుతో, గ్రహ స్థాయి ద్రవ్యరాశి ఉన్న ఒక తోడును 2ఎం1207 అనే గోధుమ మరుగుజ్జు (నక్షత్రంగా మారేంత బరువు లేనిది) పక్కన ఫొటో తీశారు. ఆ మరుగుజ్జు టీడబ్ల్యూ హైడ్రే కుటుంబానికి చెందినదే. 2020లో గ్రహం ఉన్నట్టు ప్రకటించిన ఏయూ మైక్రోస్కోపీ బీటా పిక్టోరిస్ కుటుంబానికి చెందినది, మనకు 32 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది. గ్రహాల బాల్యాన్ని చూడాలంటే ముందుగా వాటి నక్షత్రాల వయసు తెలియాలి.

ప్రశ్న: నా దగ్గర చిన్న టెలిస్కోపు, ఒక ల్యాప్‌టాప్ ఉన్నాయి. ఈ విషయంలో నేను ఏమైనా చేయగలనా?
- ఇంటర్ విద్యార్థి, అనంతపురం

టెలిస్కోపుతో శీతాకాలంలో రోహిణి పరిసరాల్లో టీ టౌరీని వెతకండి. అది 10వ ప్రకాశ తరగతికి దగ్గరగా ఉంటుంది. ఊరి దీపాలకు దూరంగా వెళ్తే, మంచి నక్షత్ర పటం సాయంతో చిన్న టెలిస్కోపులో దొరుకుతుంది.

ల్యాప్‌టాప్‌తో ఇంతకన్నా ఎక్కువే చేయవచ్చు. రోసాట్, గయా జాబితాలు రెండూ అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ ఖగోళ సమాచార కేంద్రం వాటిని ఇంటర్నెట్‌లో ఉంచింది. జాబితాలను పోల్చడానికి టాప్‌క్యాట్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. కృత్తికల చుట్టూ 3 డిగ్రీల పరిధిలో రోసాట్ మూలాలను దించుకుని, ఒక్కొక్కదానికి 20 ఆర్క్‌ సెకన్ల లోపు ఉన్న గయా నక్షత్రాలను జతచేయండి. వాటిలో దూరం, కదలిక కృత్తికలతో సరిపోలేవి ఎన్నో చూడండి. తరువాత రోసాట్ స్థానాలన్నింటినీ కావాలనే 5 ఆర్క్‌ నిమిషాలు పక్కకు జరిపి, అదే పోలికను మళ్లీ నడపండి. ఈ రెండోసారి దొరికే జతలు కేవలం యాదృచ్ఛికంగా కుదిరినవి. మొదటి సంఖ్య నుంచి ఈ సంఖ్యను తీసివేస్తే, మీ జాబితాలో నిజమైన జతలు సుమారు ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. పరిశోధకులు తమ జాబితాలను ప్రచురించే ముందు చేసే పరీక్ష కూడా ఇదే.